కొండ మూడుసార్లెక్కాం

లైబ్రరీ మేడ మీది గదిలో తెర దించారు.
పద్దెనిమిది నిమిషాల సినిమా, నలుపూ తెలుపూ,
హల్ నగర బాలబాలికల వేసవి సెలవులు, 1947.
కుర్చీలు పదకొండు. మనుషులం నలుగురం.
ఆ నలుగురిలో తెర మీద కూడా ఉన్నది నేనొక్కదాన్నే.

అదుగో, మూడో వరసలో, మోకాళ్ళ దాకా మట్టి.
ఆ చొక్కా పసుపుపచ్చ అంటే ఇప్పుడెవరూ నమ్మరు.
యుద్ధమంతా మా కిటికీకి వేలాడిన పరదాని
అమ్మ నాకు లాగుగా కుట్టింది.
అది మాత్రం అప్పుడూ నలుపే, తెర మీదా నలుపే.

వ్యాఖ్యానం లండన్ పెద్దమనిషిది,
గంజి పెట్టి ఇస్త్రీ చేసిన గొంతు.
"ఎంత హుషారుగా కొండెక్కుతున్నారో చూడండి, మన రేపటి పౌరులు!"
ఎక్కాం, నిజమే. మూడుసార్లెక్కాం.
మొదటిసారి మబ్బు అడ్డొచ్చింది.
రెండోసారి ఐరిస్ కెమెరాలోకి చూసి నాలిక బయటపెట్టింది.
మూడోసారి నవ్వమన్నారు.
ఆయాసానికి పళ్ళు బయటపడ్డాయి, చాలన్నారు.

గుడారాలు సైన్యం వదిలేసినవి.
నా తల దగ్గర గుడ్డ మీద సిరాతో ఎవరిదో నంబరు.
రాత్రిళ్ళు టార్చి వేసి చదివేదాన్ని,
ఆ నంబరు ఇంటికి చేరిందో లేదో అని.
అది సినిమాలో లేదు.
ఉరుము వినగానే ఎవరూ చెప్పకుండానే
అందరం బల్లల కిందికి దూరిన సాయంత్రమూ లేదు.
గుడ్ల పొడితో వేసిన అట్టు ఉంది.
వాసన లేదు, అదృష్టం.

ఇప్పుడొస్తుంది చూడండి, గడ్డికోత.
ఆల్డర్సన్ పొలం, రాళ్ళగోడ, ఎండ.
సిరిల్, పన్నెండేళ్ళవాడు, డొప్ప చెవులు,
టీ మగ్గు పట్టుకుని పక్కకి వంగుతాడు,
చెయ్యి చాపుతాడు, తెర అంచుదాకా.
అక్కడ మగ్గు మాయమౌతుంది.
"అలసిన రైతుకి ఆప్యాయంగా ఓ గుక్క!" అంటుంది గొంతు.

రైతు కాదు.
ఆల్డర్సన్ ఆ పూట సంతకి పోయాడు.
మగ్గు అందుకున్నవాడు ఎకార్ట్,
జర్మన్ ఖైదీ, కోటు వీపు మీద గుండ్రటి అతుకు.
యుద్ధం ముగిసి రెండేళ్ళైనా ఇంటికి పంపలేదింకా.
కెమెరా ఆయన "కాస్త ఎడమకి" అని
మూడుకాళ్ళ స్టాండు జరిపించాడు.
మనిషి పోయాడు, నీడ పోలేదు.
గడ్డి మీద పంగలకర్ర నీడ,
వెతకాలని తెలిసినవాళ్ళకి కనబడుతుంది.

సిరిల్ వాళ్ళది పదిహేడో నంబరిల్లు.
మే నెల ఒక రాత్రి తర్వాత అక్కడ మిగిలింది మెట్టొక్కటే,
వాళ్ళమ్మ శనివారం శనివారం
రాయితో రుద్ది తెల్లగా ఉంచేదే, ఆ మెట్టు.
లోపల వాళ్ళమ్మా, చెల్లెలూ.

ఆ ఖైదీ వైపు మేమెవరం చూడలేదు.
నేనైతే నా మగ్గు వీపు వెనక దాచుకున్నాను.
అదీ సినిమాలో లేదు, నాకది తెలుసు,
అయినా ప్రతి దృశ్యంలోనూ వెతుక్కున్నాను భయంగా.

"ఎందుకిచ్చావ్ వాడికి?" అని అడిగాను ఆ రాత్రి.
సిరిల్ దుప్పట్లోంచి,
"దాహంగా ఉన్నాడు" అన్నాడు.
చాలాసేపటికి, నిద్రపోయాడనుకున్నాక,
"ఎలాగూ చల్లారిపోయింది టీ" అన్నాడు.

లైట్లు వేశారు. లైబ్రరీ అమ్మాయి
గళ్ళ కాగితం మీద పేర్లు రాసుకుంటోంది.
ఎడమ నుంచి ఐరిస్, నేను, డెరెక్, సిరిల్.
"ఆ మగ్గు ఎవరికండీ?"
ఎకార్ట్ అన్నాను. ఇంటిపేరు తెలీదు.
తెర మీద లేని మనిషికి
ఆ కాగితంలో గడి లేదు.
పెన్సిలుతో అంచున రాసుకుంది.

ఇంకోసారి వెయ్యమ్మా అన్నాను.
రీలు వెనక్కి తిరిగింది.
కొండ నాలుగోసారి ఎక్కుతున్నాం.